సెల్‌ఫోన్ నోరు నొక్కవచ్చునా?

పరీక్షల రోజులొస్తే చాలు, "హాల్లో ఒక జామర్ పెట్టేస్తే పీడ పోతుంది గదా!" అనే మాట మన కాలేజీలో వినిపిస్తుంది. ఆ యంత్రం ఏం చేస్తుందో, చట్టం ఏమంటుందో సైన్సు విద్యార్థిగా నాలుగు మాటల్లో చెబుతాను.

జామర్ తరంగాలను ఆపదు, మింగదు. టవరు వాడే ఫ్రీక్వెన్సీ మీదే తానూ అర్థంలేని రొదను ప్రసారం చేస్తుంది. నూర్పిడి మిషను పక్కన నిలబడ్డవాడికి గట్టు మీంచి నాన్న వేసే కేక వినబడుతుందా? ఇదీ అంతే. దూరం రెట్టింపయితే తరంగ తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందుచేత దూరాన ఉన్న పెద్ద టవరు మీద పక్కనున్న చిన్న జామరుదే పైచేయి.

చిక్కల్లా ఆ రొద గోడ దగ్గర ఆగకపోవడమే. వీధిలో ప్రమాదం జరిగి ఎవరైనా 108కి ఫోను చేస్తే అందదు. మావంటి రైతు కుటుంబాలు సెల్‌ఫోన్‌తోనే పొలంలో మోటారు ఆన్ చేస్తున్నాయి. జామర్ పరిధిలో పొలముంటే ఆ మోటారూ పలకదు. పాము కరిచినవాడి పిలుపూ పోదు.

ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటమే కాదు, అమ్మడం, దిగుమతి చేసుకోవడం, ప్రకటనలివ్వడం కూడా చట్టవిరుద్ధమని కేంద్ర టెలికాం శాఖ 2022లో స్పష్టం చేసింది. ప్రైవేటు సంస్థలు, వ్యక్తులు కొనరాదు. జైళ్లకు, చట్టబద్ధమైన పరీక్షా సంస్థలకు మాత్రం కేబినెట్ సెక్రటేరియట్ అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడైనా మన హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. వంటి ప్రభుత్వరంగ సంస్థల నుంచే తెచ్చుకోవాలి.

కాపీని ఆపాలంటే గుమ్మం దగ్గరే ఫోన్లు తీసుకుని పెట్టెలో పెడితే సరిపోదూ! పదిమంది చీటీల కోసం ఊరందరి గొంతు నొక్కడం న్యాయమా? మిత్రులారా, ఆలోచించండి.