నాన్నా, ఇంపీచ్ అంటే పీకేయడం కాదు!

2019 డిసెంబర్ 18. డాలస్‌లో రాత్రి తొమ్మిదయింది. ఇండియా నుంచి నాన్న ఫోన్.

“ఏరా, మీ ట్రంప్‌ని పీకేశారంటగా! టీవీలో ఒకటే గోల. ఇక మీ వీసాల గొడవ తగ్గుద్దా?”

“పీకలేదు నాన్నా. ఇంపీచ్ చేశారంతే.”

“రెండిటికీ తేడా ఏంటి?”

నిజం చెప్పాలంటే, ఇక్కడికొచ్చి నాలుగేళ్లయినా నాకూ సరిగ్గా తెలీదు. ఎమ్మెస్, ఉద్యోగం, హెచ్1బీ లాటరీ... వీటి మధ్య అమెరికా రాజ్యాంగం చదివే తీరిక ఎవరికుంది? ఆ రాత్రి కూర్చుని చదివా.

మన భాషలో చెప్పుకుంటే ఇంపీచ్‌మెంట్ అంటే ఛార్జిషీట్. దాన్ని వేసేది ప్రతినిధుల సభ. అక్కడ మామూలు మెజారిటీ చాలు. తర్వాత కేసు సెనేట్‌కి వెళ్తుంది. అక్కడ విచారణ, అక్కడే తీర్పు. పదవి పోవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అంటే వందమంది సెనేటర్లూ హాజరైతే 67.

మనకి ఇది వింతగా ఎందుకు అనిపిస్తుందంటే, మనం చూసింది విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో 269-270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అక్కడ తప్పు చేశావా లేదా అన్న ప్రశ్నే లేదు, మెజారిటీ ఉందా లేదా అంతే. అమెరికాలో ప్రెసిడెంట్ నాలుగేళ్ల కాలానికి ఎన్నికవుతాడు. నచ్చకపోతే దించేసే పద్ధతి లేదు. దేశద్రోహం, లంచం, అలాంటి పెద్ద తప్పులేవో చేశాడని తేల్చాలి.

ఇలా పదవి పోయిన ప్రెసిడెంట్ ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒకే ఒక్క ఓటుతో బతికిపోయాడు. 36 కావాల్సిన చోట 35 పడ్డాయి. 1998లో క్లింటన్‌ని ఇంపీచ్ చేస్తే తర్వాతి ఏడాది సెనేట్ వదిలేసింది. ట్రంప్ మొదటి కేసు ఉక్రెయిన్ ప్రెసిడెంట్‌తో మాట్లాడిన ఫోన్ కాల్ చుట్టూ తిరిగింది. 2020 ఫిబ్రవరిలో అదీ కొట్టేశారు.

ఎప్పుడూ రన్ అవ్వని కోడ్‌ని మేం డెడ్ కోడ్ అంటాం. ఇదీ అంతేనేమో అనుకున్నా. కానీ 1974లో నిక్సన్‌ని చూడండి. సభలో ఓటింగ్ జరగకముందే రాజీనామా చేశాడు. సొంత పార్టీ పెద్దలే వెళ్లి, సెనేట్‌లో మీకు ఓట్లు లేవని చెప్పాక ఆయనకి వేరే దారి కనిపించలేదు. అంటే ఈ కోడ్ రన్ అవ్వకుండానే ఒకసారి పనిచేసింది!

ఇక వీసాల సంగతి. నాన్న ఆశపడ్డట్టు ఇంపీచ్‌మెంట్‌కీ వీసాకీ ఏ సంబంధమూ లేదు. 2020 జూన్‌లో కొత్త హెచ్1బీల మీద ఎవరినీ దేశంలోకి రానివ్వకుండా ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దానికి 67 ఓట్లు అక్కర్లేదు. ఒక్క పెన్ను చాలు. అప్పటికే కరోనాతో కాన్సులేట్లలో స్టాంపింగ్ ఆగిపోయింది. నా పాస్‌పోర్టులో స్టాంప్ గడువు దాటిపోయింది. వెళ్తే మళ్లీ రాగలనో లేదో తెలీదు. ఆగస్టులో చెల్లి పెళ్లి వీడియో కాల్‌లో చూశా. జీలకర్ర బెల్లం పెట్టే టైముకి నెట్ ఆగిపోయింది.

ఆఫీసులో ఎవరైనా “ఈ రాజకీయాల మీద నువ్వేమంటావ్?” అంటే, నవ్వేసి స్ప్రింట్ గురించి మాట్లాడేవాణ్ణి. వీసా మీద ఉన్నోడికి అభిప్రాయాలు ఎందుకులే అని భయం.

తర్వాత 2021 జనవరి 6న క్యాపిటల్ భవనం మీద దాడి జరిగింది. వారం తిరిగేసరికి రెండో ఇంపీచ్‌మెంట్. 232-197. పది మంది రిపబ్లికన్లు కూడా సొంత ప్రెసిడెంట్‌కి వ్యతిరేకంగా ఓటేశారు. సెనేట్ తీర్పు ఫిబ్రవరి 13న వచ్చింది. అప్పటికి ట్రంప్ పదవి దిగిపోయాడు. మరి విచారణ ఎందుకంటే, దోషి అని తేలితే మళ్లీ పోటీ చేయకుండా ఆపొచ్చు.

సరిగ్గా అదే రోజు ఆంధ్రాలో పంచాయతీ ఎన్నికల రెండో విడత. మా ఊళ్లోనూ ఆ రోజే పోలింగ్. సాయంత్రం లెక్కింపు మొదలైతే, మూడు ఓట్ల తేడా వచ్చిందని మళ్లీ లెక్కించారట. ఆ గొడవ చూసి ఇంటికొచ్చిన నాన్నకి నిద్ర పట్టలేదు. అక్కడ అర్ధరాత్రి రెండు దాటింది. ఇక్కడ మధ్యాహ్నం, బయట గడ్డకట్టే చలి. ఫోన్‌లో నాన్న, టీవీలో సెనేట్.

“ఏంట్రా, ఒక్కొక్కళ్లూ లేచి నిలబడుతున్నారు?”

“పేరు పిలిస్తే లేచి, దోషి అనో కాదనో చెప్పాలి నాన్నా.”

“అందరి ముందా? మనం ఎవరికేశామో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పం కదరా!”

57-43. దోషి అన్నవాళ్లలో ఏడుగురు ట్రంప్ పార్టీ వాళ్లే. అయినా పది ఓట్లు తక్కువ.

“పదే కదా! మన వార్డులో అయితే నేనే మాట్లాడి ఒప్పించేవాణ్ణి” అన్నాడు నాన్న. ఇద్దరం నవ్వుకున్నాం.

నాకు మాత్రం ఆ ఏడుగురే గుర్తుండిపోయారు. ఓడిపోతామని తెలుసు. సొంత ఊళ్లో తిట్లు పడతాయని తెలుసు. అయినా లేచి చెప్పారు. శిక్ష పడకపోయినా, ఎవరు ఏమన్నారో రికార్డులో ఉండిపోయింది. మేం బగ్ టికెట్ మూసేసినా హిస్టరీ చెరిగిపోదు. ఇదీ అలాంటిదే. వాళ్ల పదవి పోయే ప్రమాదం ముందు, ఆఫీసులో నా మొహమాటం ఏపాటిది?

“ఇంతకీ నీకక్కడ ఓటుందా?” అన్నాడు నాన్న.

“లేదు. ట్యాక్స్ ఉంది.”

“ఇక్కడా లేదు. మొన్న లిస్టు చూశా, నీ పేరు లేదు. ఊళ్లో ఉండట్లేదని తీసేశారు.”

నేనేం మాట్లాడలేదు. 2014లో వేసిందే నా మొదటి ఓటు, ఇప్పటికి అదే ఆఖరుది కూడా.

“చూశావా” అన్నాడు నాన్న నవ్వుతూ. “ట్రంప్‌ని తీయలేకపోయారు గానీ, నిన్ను మాత్రం తేలిగ్గా తీసేశారు!”

ఆ రాత్రే విదేశాల్లో ఉండే ఓటర్ల కోసం ఉన్న ఫారం 6ఏ నింపడానికి కూర్చున్నా. పేరు ఎక్కినా, ఓటు మాత్రం ఊరికెళ్లి వేయాల్సిందే. సరే, వెళ్దాం. ఈసారి వీడియో కాల్ కుదరదు కదా.