బీడీ మానడానికి మందులున్నాయా?



బుక్కపట్నం చెరువు చుట్టుపట్ల పల్లెల్లోనూ, ధర్మవరం మగ్గాల ఇళ్లలోనూ, పెనుకొండ, హిందూపురం సంఘములలోనూ మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "బీడీ మాన్పించే మాత్రలు వచ్చాయంట, నిజమేనా అయ్యగారూ?" అడిగేది ఎక్కువగా తల్లులు, భార్యలు. తాగేవాడు అడగడు. అతడు సోంపు నమిలి, నోరు పుక్కిలించి ఆరాధనకు వస్తాడు.

నిజమే, మందులున్నాయి. అయితే అవి ఎంతవరకు పనిచేస్తాయో తెలుసుకొని వాడాలి.

పొగాకులోని నికోటిన్ పొగతోపాటు లోనికి పోయిన కొద్ది సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. అది కలిగించే హాయికి మెదడు అలవాటు పడుతుంది. అందని రోజున చిరాకు, కోపం, నిద్రలేమి. చెనక్కాయ చేనిలో పనిచేసే మనిషి పూట తిరిగేసరికి జేబు తడుముకోవడం వట్టి మొండితనమని మేము అనుకోము. అది శరీరము అడిగే బాకీ.

స్వీడన్ దేశపు జలాంతర్గాములలో పొగతాగే వీలు లేదు. అందుచేత అక్కడి నావికులు పొగాకు నమిలి సరిపెట్టుకునేవారు. అది చూసిన పరిశోధకులకు 1960ల చివర ఒక ఆలోచన తోచింది. పొగ లేకుండా నికోటిన్ మాత్రమే ఇచ్చి, క్రమేణా తగ్గిస్తే ఎలా ఉంటుంది? నికోటిన్ చూయింగ్ గమ్ అలా పుట్టింది. 2022లో మన దేశపు అత్యవసర ఔషధాల జాబితాలో కూడ నికోటిన్ మందులు చేరాయి.

మందు పనిచేసిందని ఎలా తేలుస్తారు? "మా బావమరిది వాడి మానేశాడు" అన్న మాట చాలదు. అతడు మందు లేకున్నా మానేవాడేమో! అందుకని తాగేవారిని చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు అసలు మందు, రెండవ గుంపుకు అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికేది అందిందో మింగినవారికీ తెలియదు, ఇచ్చిన డాక్టరుకూ తెలియదు. కొన్ని నెలల తరువాత "మానేశాను" అన్నవారిచేత యంత్రంలో ఊదించి, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో చూస్తారు. (ఈ విషయంలో నోటిమాటను నమ్మరాదని మన ఇల్లాళ్లకు ఏ యంత్రమూ లేకుండానే తెలుసు.)

పోలండ్‌లో 740 మందిపై అలాంటి పరీక్ష జరిగింది. ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మందు పేరు సైటిసిన్. లాబర్నమ్ అనే చెట్టు గింజలనుండి తీస్తారు, 25 రోజులు వాడాలి. ఏడాది తరువాత లెక్క చూస్తే, మందు మింగిన 370 మందిలో 31 మంది మానగలిగారు. ఉత్తి మాత్ర మింగిన 370 మందిలో 9 మందే. మూడు రెట్లకు పైగా మేలన్నమాట. కాని మందు తీసుకొని కూడ నిలవలేకపోయినవారు 339 మంది! దుకాణదారుడు మొదటి లెక్కే చెబుతాడు. ఇంటివారు రెండవది కూడ తెలుసుకోవాలి.

వరెనిక్లిన్ అనే మాత్ర ఇంకొకటి. 2016లో ప్రకటించిన పరీక్షలో 16 దేశాలకు చెందిన 8,000 మందికి పైగా పాల్గొన్నారు. తొమ్మిదవ వారం మొదలు ఇరవైనాలుగవ వారం వరకు తాగకుండా ఉన్నవారు వరెనిక్లిన్‌తో నూటికి సుమారు 22 మంది, బుప్రోపియాన్‌తోనూ నికోటిన్ పట్టీతోనూ సుమారు 16 మంది, ఉత్తి మాత్రతో 9 మంది. ఈ మాత్రలు మనసును చెదరగొడతాయన్న భయానికి కూడ ఆ పరీక్షలో గట్టి ఆధారం కనబడలేదు. బుప్రోపియాన్ మొదట మానసిక కుంగుబాటుకు ఇచ్చిన మందు. అది పొగ మానడానికీ ఉపయోగపడుతుందని కాలిఫోర్నియాలోని లోమాలిండాలో పరీక్షించి చూసినది లిండా ఫెర్రీ అనే వైద్యురాలు. 1997లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది.

మన పల్లెలకు మరీ దగ్గరి సంగతి క్షయ. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి బీడీ మానకపోతే వైద్యానికే ఆటంకము. బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో 2,472 మంది క్షయ రోగులకు సైటిసిన్ పరీక్ష చేశారు. 2020లో వచ్చిన ఫలితం ఆశ్చర్యము కలిగించింది. ఆరు నెలలకు మందు గుంపులో నూటికి 32 మంది, ఉత్తి మాత్ర గుంపులో 30 మంది మానారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. అయితే రెండు గుంపులకూ ఓపికగా కూర్చుండబెట్టి సలహా చెప్పారు. రోగము బయటపడిన ఆ సమయంలో చెప్పిన మాట చెవికెక్కినట్టుంది.

మాట బలమెంతో మన తెలుగునేల కూడ చూసింది. శ్రీకాకుళం జిల్లాలో ముఖ్యంగా స్త్రీలు నిప్పు కొన నోటిలో పెట్టుకొని చుట్ట తాగుతారు. బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు 1977 నుండి ఆ జిల్లాతోపాటు కేరళ, గుజరాత్‌లలో ఒక్కొక్క జిల్లా కలిపి 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని ఇంటింటా కలిసి, నోరు పరీక్షించి, మానమని చెప్పారు. మాత్ర ఒక్కటీ ఇవ్వలేదు. మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సరుకు దారితీసే నోటి మచ్చలు తగ్గాయి.

మరి మందు వాడటం విశ్వాసలోపమా? అలా అనేవారిని మేమెరుగుదుము. క్షయకు మాత్ర మింగే సహోదరుణ్ణి ఆ మాట అనరు గదా! లూకా వైద్యుడే.

గమ్ కొన్నవారు దానిని మిఠాయిలా గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. మెల్లగా కొంచెం నమిలి, నాలుకకు చురుక్కుమన్నప్పుడు బుగ్గన పెట్టుకోవాలి. దానికి ముందు పావుగంట టీ, కాఫీ తాగరాదు. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ ఇవ్వరు, గనుక ఈ మాత్రలేవీ డాక్టరును అడగకుండా కొనవద్దు. మొదటి వారమే మిక్కిలి కష్టము. అమ్మా, ఆ వారంలో ఆయన కూరలో ఉప్పుకు కూడ కసరుకోవచ్చు. అది నికోటిన్ కోపమని ఎంచండి.

సలహాకు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2018 నుండి ఆ నంబరును పొగాకు పెట్టెలమీదనే అచ్చువేయిస్తున్నారు.