డేటాబేస్ ఉపకరణాలలో కమాండ్ లైన్ సవరణ – తెలుగు అక్షరం

నిఘంటువులు, శాసన పాఠాలు, సామెతల సేకరణల వంటి భాషాసామగ్రిని డేటాబేస్‌లో భద్రపరిచే పరిశోధకులకు ఎప్పుడో ఒకప్పుడు కమాండ్ లైన్‌తో పని పడుతుంది. టైపు చేసిన ఆజ్ఞ మధ్యకు వెళ్లి ఒక అక్షరాన్ని దిద్దడం, పై బాణం మీటతో పాత ఆజ్ఞను తిరిగి రప్పించడం అక్కడ నిత్యకృత్యాలు. అయితే ఒకే ఉపకరణంలో ఈ సౌకర్యం ఒక కంప్యూటర్‌లో ఉండి, మరొకదానిలో ఉండదు. సవరణ శక్తి చాలా సందర్భాలలో ఆ ఉపకరణానికి సొంతం కాకపోవడమే ఇందుకు కారణం.

ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ ప్లస్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. విండోస్‌లో పై బాణం నొక్కితే పాత ఆజ్ఞ వస్తుంది. ఆ పని చేసేది ఎస్‌క్యూఎల్ ప్లస్ కాదు, విండోస్ కన్సోల్. లినక్స్‌లో అదే మీట నొక్కితే తెరపై బ్రాకెట్లతో కూడిన అర్థంలేని గుర్తులు పడతాయి. అక్కడి టెర్మినల్ మీట సంకేతాన్ని ఉన్నదున్నట్లు అందిస్తుంది. దానిని గ్రహించవలసినది ప్రోగ్రామే. అందువల్ల ఆర్‌ఎల్‌ర్యాప్ అనే చిన్న ప్రోగ్రాము ద్వారా ఎస్‌క్యూఎల్ ప్లస్‌ను నడిపే అలవాటు లినక్స్ వాడుకరులలో ఏర్పడింది. దానికి సొంతంగా ఉన్న లిస్ట్, ఛేంజ్, అపెండ్ ఆజ్ఞలు కాగితంపై అచ్చయ్యే టెలిటైపు కాలపు పద్ధతికి చెందినవి.

పోస్ట్‌గ్రెస్ వారి పీఎస్‌క్యూఎల్ పరిస్థితి ఇందుకు తలకిందులు. లినక్స్‌లో అది గ్నూ రీడ్‌లైన్ అనే లైబ్రరీని ఆశ్రయిస్తుంది. విండోస్‌లో ఆ లైబ్రరీ జత కాకపోవడంతో ట్యాబ్ నొక్కి పట్టిక పేరును పూర్తి చేసుకునే వీలు ఉండదు. లైసెన్సు ప్రమేయమూ తక్కువది కాదు. రీడ్‌లైన్ జీపీఎల్ షరతులకు లోబడినది కనుక మాక్‌ఓఎస్, మైఎస్‌క్యూఎల్ వంటివి బీఎస్‌డీ లైసెన్సు గల లిబ్‌ఎడిట్‌ను స్వీకరించాయి.

తెలుగు విషయంలో

ఆంగ్లంలో ఒక మీట, ఒక గుర్తు, ఒక గడి. తెలుగులో అలా కాదు. 'లక్ష్మి' అన్న పదం చదువరికి రెండక్షరాలు. యూనికోడ్‌కు 7 సంకేతాలు. యూటీఎఫ్-8లో 21 బైట్లు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే పోవలసినది ఏది? 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ఖండంగా గుర్తించింది. అంతకు ముందరి నియమం ప్రకారం ఈ పదం నాలుగు ముక్కలు. సవరణ లైబ్రరీలన్నీ కొత్త నియమాన్ని పాటించడం లేదు. భాషా అమరిక యూటీఎఫ్-8 కాకుంటే బైటు మాత్రమే చెరిగి పదం చెడుతుంది. పైగా లైబ్రరీ లెక్కించిన వెడల్పూ, ఫాంటు గీసిన వెడల్పూ వేరైనప్పుడు కర్సరు ఒకచోట కనబడి, చెరుపు మరొకచోట జరుగుతుంది.

ఇది కేవలం అసౌకర్యం అనుకోరాదు. ఆరోపంలో ఒక పొల్లు మిగిలినా, 'సాఫ్ట్‌వేర్' వంటి పదాలలో అవసరమయ్యే అదృశ్య విభాజక సంకేతం మరొక పదంలో చిక్కుకున్నా ఖచ్చితమైన అన్వేషణకు ఆ పదం దొరకదు. నిఘంటువులో ఉన్న పదమే లేదన్న సమాధానం వస్తుంది.

కనుక తెలుగు పాఠాన్ని ఆజ్ఞాపంక్తిలో దిద్దకుండా ఎడిటర్‌కు అప్పగించడమే మేలు. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ తరువాత 'ఈ' అనే ఆంగ్లాక్షరం, ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఎడిట్ ఆజ్ఞ ఎడిటర్‌ను తెరుస్తాయి. ఎస్‌క్యూలైట్‌లో ముందే రాసుకున్న ఫైలును రీడ్ ఆజ్ఞతో చదివించవచ్చు. చేర్చిన పిదప పొడవును పరీక్షించాలి. యూటీఎఫ్-8 డేటాబేస్‌లో 'లక్ష్మి'కి పోస్ట్‌గ్రెస్ 7 సంకేతాలు, 21 బైట్లు చూపాలి. 8 వచ్చిందంటే కంటికి కనబడనిదేదో ఆ పదంలో మిగిలి ఉన్నట్లే.