ఆకాశవాణిలో ఒక రోజు, మా అబ్బాయి తెలుగు

మేము ఉండేది యాంగోన్‌లోని సేక్కాన్‌లో. బర్మా భాషలో ఆ మాటకు అర్థం రేవు అనే. మన పెద్దవాళ్ళు 'రంగం' అని పిలిచిన ఊరి రేవు ఇదే. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీలు ఒకప్పుడు ఇక్కడే మూటలు మోశారు. ఆ రోజుల్లో ఇంటి కబురు తెలియాలంటే ఓడ రావాలి. ఇప్పుడు ఫోనుంది, వీడియో కాలుంది. అయినా మా ఇంట్లో కబుర్లు తగ్గిపోయాయి. ఎందుకో చెబుతాను.

మా అబ్బాయికి పదేళ్ళు. వాడికి తెలుగు బాగానే వచ్చని అనుకునేవాళ్ళం. ఒకరోజు భీమిలి నుంచి మా అమ్మ ఫోను చేసి, "ఏరా నాన్నా, అక్కడ కూడా ముసురు పట్టిందా?" అని అడిగింది. వాడు బిక్కమొహం వేసి ఫోను నా చేతికిచ్చేశాడు. ముసురు అన్న మాట వాడెప్పుడూ వినలేదు. తప్పు వాడిది కాదు. తిన్నావా, స్నానం చెయ్యి, హోంవర్కు అయిందా, పడుకో. ఇంట్లో మేము వాడితో మాట్లాడే తెలుగు అంతే. అమ్మమ్మతో రెండు నిమిషాలు దాటి మాట్లాడడానికి అది చాలదు. అమ్మ కూడా ఆ తర్వాత వాడిని పెద్దగా అడగడం మానేసింది. అది నాకు బాధనిపించింది.

సినిమాలు, సీరియళ్ళు చూపించాం. వాటిలో బొమ్మ చూస్తే కథ అర్థమైపోతుంది, మాట పట్టించుకోనక్కర్లేదు. రేడియోలో అలా కుదరదు. అందుకని ప్రసార భారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్ ఫోనులో వేసుకున్నాను. అందులో ఆకాశవాణి స్టేషన్లు 200కు పైగా ఉన్నాయి, మన తెలుగు కేంద్రాలూ ఉన్నాయి. ఇది ఇంటర్నెట్ ద్వారా వస్తుంది కాబట్టి మా చిన్నప్పటి గరగర లేదు.

అసలు ఆకాశవాణి రోజు ఎలా నడుస్తుందో పెద్దయ్యాక గానీ నేను గమనించలేదు. ఏ వేళకు ఎవరికి తీరిక ఉంటుందో చూసి ఆ వేళను వారికి కేటాయిస్తారు. తెల్లవారుజామున భక్తి గీతాలు. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేతిలో రూపుదిద్దుకున్న 'భక్తిరంజని' అలాంటిదే. తర్వాత ఉద్యోగానికి వెళ్ళేవారి కోసం వార్తలు. 6:55కు సంస్కృత వార్తలు, ఇవి 1974 నుంచి వస్తున్నాయి. మధ్యాహ్నం వంట పని అయ్యాక స్త్రీల కార్యక్రమం, భోజన విరామంలో కార్మికుల కార్యక్రమం. హైదరాబాదు కేంద్రం నుంచి వచ్చిన చిన్నక్క, ఏకాంబరం మాటలు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి ఉషశ్రీ గారి రామాయణ, భారత ప్రవచనాలు వచ్చేవి. పిల్లలకు సెలవు పూట 'బాలానందం' ఉండేది. దాన్ని నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను అందరూ రేడియో అన్నయ్య, అక్కయ్య అనేవారు. పొలం పని ముగిసిన సాయంత్రం రైతుల కార్యక్రమం, రాత్రి నాటకం.

ఇలా చేసింది మన దేశమొక్కటే కాదు. బ్రిటన్‌లో బీబీసీ 1951 నుంచి దేశమంతా వినిపిస్తున్న 'ది ఆర్చర్స్' నాటకం కూడా మొదట రైతులకు కొత్త సాగు పద్ధతులు చెప్పడానికే పెట్టారు. తంజావూరు వైపు రేడియోలో విని వేసిన ఏడీటీ-27 వరి రకానికి రైతులు 'రేడియో వరి' అని పేరే పెట్టేశారు.

ఇందులో నాకు ముఖ్యమనిపించింది ఒకటి. రైతు కోసం చెప్పింది వంటింట్లో ఉన్న మా అమ్మ కూడా వినేది. మేము ఎన్నడూ పొలంలో దిగకపోయినా నారుమడి, ఊడుపు, సుడిదోమ అన్న మాటలు మాకు తెలుసు. ఫోనులో మనకు నచ్చినవే మనకు వస్తాయి. రేడియోలో పక్కవాడి మాట కూడా చెవిన పడుతుంది. భాష పెరిగేది అక్కడే.

సెలవు రోజుల్లో ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట రేడియో పెట్టి నా పని నేను చేసుకునేదాన్ని. విను అని చెప్పలేదు. మొదటి పది రోజులు వాడు పట్టించుకోలేదు. ఒక సాయంత్రం వాతావరణ సమాచారం వస్తుంటే, "అమ్మా, వాయుగుండం అంటే గుండ్రంగా ఉంటుందా?" అన్నాడు. నేను చదివింది బీఎస్సీ ఫిజిక్సు. ఇన్నాళ్ళకు పనికొచ్చింది. కాగితం మీద బంగాళాఖాతం గీశాను. గాలి వేగం గంటకు సుమారు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 50 దాకా వాయుగుండం. ఆ పైన తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుపాను. 2008 మే 2న ఇక్కడి ఐరావతి డెల్టాను ముంచిన నర్గీస్, 2014 అక్టోబర్ 12న అమ్మమ్మ వాళ్ళ విశాఖను కొట్టిన హుద్‌హుద్ రెండూ ఈ ఒక్క సముద్రంలోనివే అని చూపించాను. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది.

ఆ వారమే అమ్మ ఫోను చేసింది. వాడే తీసుకుని, "అమ్మమ్మా, రేడియోలో వాయుగుండం అన్నారు. అక్కడ ముసురు పట్టిందా? రేవులో ఒకటో నంబరు ఎగరేశారా?" అని అడిగాడు. అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది చూడండి, వేటకు వెళ్ళిన పడవల దగ్గర నుంచి పెరట్లో పడిపోయిన మునగచెట్టు దాకా! ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. నాకు ఫోను ఇవ్వనే లేదు.

మీరూ ప్రయత్నించాలనుకుంటే ముందు గడియారం చూసుకోండి. మాకు ఇండియాకు తేడా ఒక్క గంటే కాబట్టి వాళ్ళ ఉదయం మాకూ ఉదయమే. న్యూయార్క్ వైపు వారికి ఇండియాలో ఉదయం 7 అంటే ముందురోజు రాత్రి 8:30, వేసవిలో 9:30. పిల్లలు పడుకునే ముందు వార్తలు వినొచ్చు. లండన్ వారికి ఇండియా మధ్యాహ్నం 1 గంట అంటే ఉదయం 7:30, వేసవిలో 8:30. మొదట్లో పరీక్షలు పెట్టకండి, అర్థాలు అడగకండి. వాళ్ళే ఏదో ఒక మాట పట్టుకుని మీ దగ్గరికి వస్తారు. అప్పుడు మాత్రం చేతిలో పని పక్కన పెట్టి జవాబు చెప్పండి.

మా వాడు నిన్న సుడిదోమ అంటే ఏమిటని అడిగాడు. అది నాకూ సరిగా తెలియదు. ఆదివారం ఫోనులో అమ్మమ్మనే అడగమన్నాను.