కొండ మీద ఫోన్ ఆగిపోతే? వంజంగి, లంబసింగి క్యాంపింగ్‌కు ముందు చూసుకోవాల్సిన లెక్కలు

గత డిసెంబరులో వంజంగి వెళ్లాం. నేను, మా తమ్ముడు, ఆఫీసులో నా పక్క సీటు ఫ్రెండ్. రాత్రి కొండ కింద అద్దె టెంట్లో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి నడక మొదలుపెట్టాం. సగం దారిలో తమ్ముడు టైమ్‌ల్యాప్స్ అంటూ ఆగాడు. "మీరు పదండి అన్నా, రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అన్నాడు. అప్పటికి వాడి ఫోన్‌లో 34 శాతం ఛార్జింగ్ ఉంది. ట్రైపాడ్ మీద పెట్టిన ఐదు నిమిషాలకే స్క్రీన్ నల్లబడిపోయింది. ఎంత నొక్కినా మళ్లీ ఆన్ కాలేదు.

వాడి టార్చ్, మ్యాప్, డబ్బులు, మా నంబర్లు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. పవర్ బ్యాంక్ నా బ్యాగులో ఉంది, నేనేమో అర కిలోమీటరు పైన ఉన్నాను. చీకట్లో దారి చీలే చోట ఎటు వెళ్లాలో తెలియక ఒక బండ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి పైకి టీ సామాన్లు మోసుకెళ్తున్న ఒకాయన చూసి "ఏం బాబూ, ఒక్కడివే కూర్చున్నావేంటి?" అని తన కీప్యాడ్ ఫోన్ ఇచ్చాడట. అందులో వేరే నెట్‌వర్క్ సిమ్, ఒక గీత సిగ్నల్. తీరా మావాడికి గుర్తున్న నంబర్ ఒక్కటే, అమ్మది. పొద్దున్నే నాలుగూ ముప్పావుకి అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ కంగారుపడి నాకు చేసింది, నాకేమో సిగ్నల్ లేదు. పైకి చేరాక ఒక్కసారిగా మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. మొదటిది: "తమ్ముడేడ్రా?"

ఏమీ కాలేదు, వాడు ఆ టీ ఆయన వెనకే నడుచుకుంటూ వచ్చేశాడు. కానీ ఫోన్ల గురించి రాయడమే పనిగా పెట్టుకున్న నేను, నా సొంత తమ్ముణ్ణి ఒక్క ఫోన్ మీద నమ్మకంతో చీకట్లో వదిలేశాను. ఈ సీజన్‌కు వెళ్లేవాళ్ల కోసం, అప్పుడు నేను వేసుకోని లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

34 శాతం ఉన్నా ఎందుకు ఆగింది?

ఫోన్ పాడైపోలేదు. కింద హోటల్లో టీ తాగే సమయానికి దానంతటదే ఆన్ అయింది, 29 శాతం చూపించింది. జరిగింది ఇదీ: లిథియం అయాన్ బ్యాటరీ చల్లబడితే లోపలి రసాయన చర్య నెమ్మదిస్తుంది, ఇంటర్నల్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఛార్జ్ లోపలే ఉంటుంది కానీ అడిగినంత వేగంగా బయటికి రాదు. కెమెరా, డిస్‌ప్లే, సిగ్నల్ వెతుకులాట మూడూ ఒకేసారి కరెంట్ లాగితే వోల్టేజ్ కిందికి జారిపోతుంది, ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. బ్యాటరీ పాతదైతే ఈ జారుడు ఇంకా ఎక్కువ. మావాడి ఫోన్‌కు మూడేళ్లు. పైగా రాత్రంతా టెంట్ గోడకున్న జేబులో చలికి పడి ఉంది.

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు పడిపోవడం అక్కడ మామూలే, ఇంకా కిందికి వెళ్లిన రోజులూ ఉన్నాయి. కొత్త ఫోన్‌కు ఇది పెద్ద సమస్య కాదు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిలే చెబుతుంది. చిక్కంతా రెండు మూడేళ్లు వాడిన ఫోన్లతోనే, మనలో ఎక్కువమంది చేతుల్లో ఉండేవీ అవే.

పరిష్కారానికి రూపాయి ఖర్చు లేదు. రాత్రి ఫోన్‌ను, పవర్ బ్యాంక్‌ను స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకోండి, ఛార్జింగ్‌లో పెట్టి మాత్రం వద్దు. నడిచేటప్పుడు జాకెట్ లోపలి జేబులో ఉంచండి. చల్లబడి ఆగిపోతే ఒంటి వేడికి పావుగంట ఉంచి చూడండి, నెగడు దగ్గర పెట్టకండి. సిగ్నల్ లేని చోట ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి. టవర్ దొరక్కపోతే ఫోన్ వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాటకే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రేపెప్పుడైనా స్పితి, లద్దాఖ్ వెళ్తే ఇంకో మాట గుర్తుంచుకోండి. సున్నా కంటే కింద ఛార్జింగ్ పెడితే లిథియం లోహం ఎలక్ట్రోడ్ మీద పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే ముందు ఫోన్‌ను వెచ్చబరచాలి, తర్వాతే ఛార్జింగ్.

పవర్ బ్యాంక్ డబ్బా మీద పెద్ద అక్షరాలు నమ్మకండి

20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంటే 5000 ఎంఏహెచ్ ఫోన్ నాలుగు సార్లు నిండుతుందని చాలామంది లెక్కేస్తారు. నిండదు. ఆ 20000 అనేది లోపలి సెల్స్ 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే లెక్క, అంటే 74 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టులుగా మారేటప్పుడు కొంత, ఫోన్‌లోకి ఎక్కేటప్పుడు కొంత వేడిగా పోతుంది. వెనక చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఉంటుంది చూడండి, సాధారణంగా 12000 చుట్టుపక్కల రాసి ఉంటారు. చూడాల్సింది అదే. చేతికి వచ్చేది రెండున్నర నుంచి మూడు ఫుల్ ఛార్జులు. ఒక మనిషికి, ఒక రాత్రికి 10000 ఎంఏహెచ్‌ది చాలు. ముగ్గురు వెళ్తే పెద్దది ఒకటి కాదు, చిన్నవి మూడు తీసుకోండి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి. మా కథలో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే.

హైదరాబాద్, బెంగళూరు నుంచి వైజాగ్‌కు ఫ్లైట్‌లో వచ్చేవాళ్లు పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపైతే ఇబ్బంది లేదు, 20000 ఎంఏహెచ్‌ది ఆ లోపే వస్తుంది.

ఇక పైన సోలార్ ప్యానెల్ అతికించిన పవర్ బ్యాంకులు. ఆన్‌లైన్‌లో క్యాంపింగ్ అని కొడితే మొదట వచ్చేవి ఇవే. అరచేయంత ప్యానెల్ ఒకటిన్నర వాట్ ఇస్తుందనుకుందాం. 74 వాట్ అవర్లు నిండాలంటే దాదాపు 50 గంటల నిటారు ఎండ కావాలి. మనం వెళ్లేది మంచు చూడ్డానికి! ఆ డబ్బుతో హెడ్‌ల్యాంప్ కొనండి. నా దృష్టిలో ఈ ట్రిప్‌కు కొనాల్సిన మొదటి గ్యాడ్జెట్ అదే. తలకు కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఫోన్ బ్యాటరీకి పని తగ్గుతుంది. విడి బ్యాటరీలతో నడిచే మోడల్ అయితే స్పేర్ సెల్స్ జేబులో వేసుకోవచ్చు, ఎర్ర లైటు మోడ్ ఉంటే పక్క టెంట్ వాళ్లు తిట్టుకోరు.

సిగ్నల్, మ్యాప్, 112

పాడేరు టౌన్‌లో సిగ్నల్ ఉందని కొండ మీదా ఉంటుందనుకోవద్దు. గ్రూపులో అందరిదీ ఒకే కంపెనీ సిమ్ అయితే రెండో స్లాట్‌లో వేరే కంపెనీది వేసుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే ఫోన్ ఉపగ్రహాలకు ఏమీ పంపదు, వాటి నుంచి వినడమే. డేటా లేకపోతే మొదటిసారి లొకేషన్ దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆకాశం కనిపించే చోట నిలబడి ఓపిక పట్టండి.

మ్యాప్ విషయంలో చాలామంది బోల్తా పడే పాయింట్ ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకుంటే ఆఫ్‌లైన్‌లో కారు దారి చెబుతుంది కానీ నడక దారి చెప్పదు. దాంతోపాటు ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మ్‌యాండ్ గానీ వేసుకుని, ఇంట్లో వైఫై మీదే ఆంధ్రప్రదేశ్ మ్యాప్ దించుకోండి. కాలిబాటలు ఎవరో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసి ఉంటేనే కనిపిస్తాయి. ఏదైనా సరే, నడక మొదలుపెట్టిన చోట పిన్ పెట్టుకోండి, తిరుగు దారికి అదే దిక్కు.

ఎమర్జెన్సీకి 112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతుంటే దాని మీదుగా కాల్ వెళ్లే అవకాశం ఉంది. ఏ టవరూ అందని చోట 112 కూడా మోగదు. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా అంటారేమో, ఇది రాసే నాటికి ఆ సర్వీసు మన దేశంలో లేదు. విదేశాల నుంచి వచ్చే మనవాళ్లకు ముఖ్యంగా చెబుతున్నా: శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ కమ్యూనికేటర్లు అనుమతి లేకుండా ఇక్కడికి తేవడం నేరం. ఎయిర్‌పోర్టుల్లో వీటితో పట్టుబడిన విదేశీయులు ఉన్నారు. అమెరికాలో ట్రెక్కింగ్‌కు వాడినదే కదా అని సూట్‌కేసులో వేసుకురాకండి.

అందుకే పాత పద్ధతి: ఎవరెవరు వెళ్తున్నారు, ఎక్కడ పడుకుంటున్నారు, ఎన్నింటికల్లా కిందికి దిగుతారు అన్నది ఇంట్లో ఒకరికి ముందే చెప్పండి. రెండు నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. మావాడికి ఇప్పుడు నా నంబర్ నోటికి వచ్చు, అడిగితే నిద్రలో కూడా చెబుతాడు.

టెంట్‌కూ స్పెక్ షీట్ ఉంటుంది

ఫోన్ కొనేటప్పుడు నిట్స్, హెర్ట్జ్ అంటూ గంటలు చూస్తాం. స్లీపింగ్ బ్యాగ్ దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి కొనేస్తాం. మంచి బ్యాగుల మీద మూడు టెంపరేచర్లు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. మనం చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే. ఎక్స్‌ట్రీమ్ అంటే హాయిగా నిద్రపడుతుందని కాదు, ప్రాణం మాత్రం నిలబడొచ్చు అని. కొన్ని చవక బ్యాగుల మీద ఒక్క అంకే పెద్దగా రాస్తారు, అది ఈ మూడింటిలో ఏదో చెప్పరు. 50 మెగాపిక్సెల్ అని రాసి సెన్సార్ సైజు దాచినట్టే. లంబసింగికి కంఫర్ట్ 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉన్నది తీసుకోండి.

దానికంటే ముఖ్యం కింద పరిచేది. మనం పడుకున్న వైపు బ్యాగులోని దూది నలిగిపోతుంది, చలి నేల నుంచి ఎక్కుతుంది. మ్యాట్‌కు ఆర్-వాల్యూ అని ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. అద్దె టెంట్లలో పలచటి షీట్ ఒక్కటే ఇస్తారు. మాకూ అదే ఇచ్చారు, రాత్రంతా వీపు కింద ఐస్ పెట్టినట్టుంది. ఫోమ్ మ్యాట్ ఇంటి నుంచే చుట్టుకుని వెళ్లండి. "టూ పర్సన్" టెంట్ అంటే ఒక మనిషి, రెండు బ్యాగులు. చలికి భయపడి వెంటిలేషన్ జిప్‌లన్నీ మూసేస్తే మన ఊపిరిలోని తేమే తెల్లారేసరికి పైనుంచి చినుకుల్లా పడుతుంది, ఫోన్ యూఎస్‌బీ పోర్ట్ తడిసి ఛార్జింగ్ ఎక్కనంటుంది. పైన ఒక జిప్ ఎప్పుడూ తెరిచే ఉంచండి.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది మాత్రం సరదా విషయం కాదు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ టెంట్ లోపల పెట్టుకోకండి. ఆరిపోతున్న నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోంచి లేపదు. వేడి నీళ్లు పోసిన స్టీలు సీసాను సాక్సులో వేసి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లారేదాకా సరిపోతుంది.

టెంట్ కుస్తీ వద్దనుకునేవాళ్లకు గ్లాంపింగ్ ఉంది. అరకు వైపు, లంబసింగి దగ్గర తాజంగి రిజర్వాయర్ వైపు సీజన్‌లో మంచాలు, దుప్పట్లు వేసిన టెంట్లు దొరుకుతాయి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి: కరెంట్ లైన్ ఉందా, జనరేటరా, జనరేటరైతే రాత్రి ఎన్నింటికి ఆపేస్తారు, ప్లగ్ పాయింట్ టెంట్లో ఉందా ఆఫీసు రూమ్‌లోనా, బాత్రూమ్ ఎంత దూరం. ఫొటోల్లో వెలిగే లైట్ల తోరణాలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవు. డ్రోన్ తీసుకెళ్లేవాళ్లు డిజిటల్ స్కైలో జోన్ చూసుకుని, అక్కడి అధికారులను అడిగాకే ఎగరేయండి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ లైసెన్స్ అక్కర్లేదంటే ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు.

వంజంగిలో పాల సముద్రం రోజూ గ్యారంటీ కాదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే నేల త్వరగా చల్లబడి లోయలో మంచు పేరుకుంటుంది, ఎండ ఎక్కేకొద్దీ కరిగిపోతుంది. వాతావరణం యాప్‌లో ముందు రోజు మబ్బులు, గాలి వేగం చూడండి. వీకెండ్ వదిలేసి మామూలు రోజున వెళ్తే జనం కూడా తక్కువ.

ఆ రోజు మాకు బాగానే కనిపించింది. టైమ్‌ల్యాప్స్ నా ఫోన్‌లోనే తీశాం. దిగేటప్పుడు ఆ టీ ఆయన దగ్గర ఆగితే పొద్దున తమ్ముడు తాగిన టీ డబ్బులు ఇంకా బాకీ ఉన్నాయని తెలిసింది. స్కానర్ ఉంది కానీ నెట్ లేదు. ముగ్గురం జేబులు వెతికితే ఒక యాభై నోటు దొరికింది. ఇంకో మూడు టీలు తాగి అది ఆయనకే ఇచ్చేశాం.