వరద తీసిన పిమ్మట మనస్సు

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు ప్రాంతములను ముంచెత్తగా, మరునాడు ప్రకాశం బ్యారేజీకడ కృష్ణానది 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహముతో పరవళ్లు త్రొక్కగా, వేలకొలది కుటుంబములు తమ సామగ్రితోపాటు, రేపటి దినము నేటివలెనే యుండునను విశ్వాసమును గూడ కోల్పోయినవి.

ఆపద గడచినను దేహము దానిని వెంటనే మరువదు. ప్రమాదవేళ మనలను రక్షించుటకై దేహమును సన్నద్ధపరచు అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు, చింత కొనసాగినంతకాలము హెచ్చుగానే యుండి, నిద్రను చెరచి, అల్పవిషయములకే కోపమును రేపుచుండును. ఇది పిరికితనము గాదు; శరీరధర్మము.

కావున ఉద్యోగము పోయినవారైనను, ఆప్తులను కోల్పోయినవారైనను, విజయవాడ వన్ టౌను అంగళ్లలో బేరములు పడిపోయిన వర్తకులైనను, ముందుగా వేళకు భోజనము, నిద్ర, నడక అనువానిని నిలుపుకొని, తమ చేతనైన యొక చిన్నపనిని నేడే ముగించి, మనోభారమును ఇరుగుపొరుగువారితోను బంధుమిత్రులతోను పంచుకొనవలెను.

రెండు వారములైనను దుఃఖము తగ్గక నిత్యకృత్యములు సాగనియెడల వైద్యుని దర్శింపుడు. ప్రాణము తీసికొను తలంపు కలిగినచో క్షణమైనను ఆగక, కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్ అను మానసికారోగ్య సహాయవాణికి 14416 సంఖ్యపై ఫోను చేయుడు. అచ్చట రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే సలహా లభించును. సహాయము నడుగుటకు సిగ్గుపడకుడు.