మా మెట్టలో పడవ పందెం: వానలో పుట్టి నేర్పిన పాఠం

ఈ ఎపిసోడ్ పడవ పందెం గురించి. "మీది ఉదయగిరి కదా, ఆ మెట్టలో పడవేంది అబ్బయ్యా" అని నవ్వుతారేమో. నవ్వండి, తప్పులేదు. దుర్గం కొండ కింద పెరిగినోడికి తెడ్డు పట్టడం యాడ తెలుస్తుంది?

ముందు ఒక సంగతి. పడవ పందెం ఎప్పుడు జరగాలో నీళ్ళే చెప్తాయి. కేరళకి నైరుతి వానలు ముఖ్యం, అందుకే అలప్పుళలో నెహ్రూ ట్రోఫీ మామూలుగా ఆగస్టులో పెడతారు. గోదావరి కాలవల్లో సంక్రాంతికి కూడా నీళ్ళుంటాయి, అందుకే ఆత్రేయపురంలో 2025 జనవరిలో సర్ ఆర్థర్ కాటన్ పేరుతో డ్రాగన్ పడవల పోటీలు జరిగాయి. మన నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి మా చెరువులు నిండేదీ, మేం పందెం వేసుకోగలిగేదీ ఆ వానల్లోనే.

మొన్న కార్తీకమాసంలో ఆత్మకూరు వైపు ఒక చెరువు కాడ ఆరుగురం స్నేహితులం కలిశాం. ముగ్గురం ఉదయగిరోళ్ళం, ముగ్గురు ఆత్మకూరోళ్ళు. చేపలు పట్టే పెద్దాయన రెండు పుట్టిలు ఇచ్చాడు, ఒక షరతు మీద: లైఫ్ జాకెట్ లేనోడు ఎక్కకూడదు. "ఈ చెరువుకి జాకెట్లెందుకు మామా" అని మావాడొకడు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "పొదలకూరు మండలం తోడేరులో ఏం జరిగిందో తెలుసా?" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో అక్కడ కొందరు కుర్రోళ్ళు సరదాగా చెరువులో పడవెక్కితే, అది బోల్తాపడి ఆరుగురు పోయారు. అదీ చెరువే. ఇక ఎవరం మాట్లాడలా. ఆత్మకూరు నుంచి జాకెట్లు తెప్పించుకున్నాకే ఎక్కాం.

పందెం ఏందంటే, నీళ్ళలో నిలబడిన తుమ్మచెట్టు చుట్టూ తిరిగి మళ్ళీ కట్టకి రావాలి.

ఇక్కడ పుట్టి సంగతి చెప్పాలి. అది గుండ్రంగా ఉంటుంది. ముక్కు లేదు, తోక లేదు. ఒక పక్క తెడ్డేస్తే ముందుకు పోదు, గిర్రున తిరుగుతుంది. మామూలు పడవలో నీళ్ళని వెనక్కి తోస్తాం. పుట్టిలో ముందు కూర్చుని, తెడ్డు ముందుకు చాపి నీళ్ళని మన వైపుకి లాక్కోవాలి. ఇద్దరు లాగుతుంటే చెరో పక్కన, ఒకే క్షణంలో లాగాలి. ఒకడు బలంగా, ఒకడు మెల్లగా లాగినా తిరుగుడే. డ్రాగన్ పడవలో ఇరవై మంది తెడ్లేస్తుంటే ముందు ఒకరు డప్పు కొట్టేది సంబరానికే అనుకునేవాణ్ణి. కాదు, తెడ్లన్నీ ఒక్కసారి పడటానికి.

మా పుట్టిలో ఇద్దరం లాగాం. మూడోవాడికి ఈత రాదు, వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి లెక్క చెప్పమన్నాం. ఆత్మకూరోళ్ళు ముగ్గురూ తెడ్లు పట్టి ముందుకెళ్ళిపోయారు. చెట్టు దగ్గరికి చేరేసరికి వాన దంచింది. లెక్క వినపడలా. మావాడు చేతిలో ఉన్న ప్లాస్టిక్ డబ్బాతో పుట్టి అంచుమీద కొట్టడం మొదలుపెట్టాడు. టక్కు మంటే లాగాలి. మధ్యమధ్యలో అదే డబ్బాతో నీళ్ళు తోడిపోస్తున్నాడు. మేం నెమ్మదిగానే, కానీ తిన్నగా పోతున్నాం.

ఆత్మకూరోళ్ళ పుట్టిలో తోడేవాడు లేడు. పుట్టిలో నిలిచిన నీళ్ళు చాలా మోసం చేస్తాయి. బరువు ఒక్కటే కాదు సమస్య. పుట్టి కొంచెం ఒరిగితే లోపలి నీళ్ళన్నీ ఒరిగిన వైపుకే పరిగెత్తుతాయి, దాంతో ఇంకా ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడు వాళ్ళలో ఒకడు మమ్మల్ని చూడ్డానికి లేచి నిలబడ్డాడు. పుట్టి పక్కకి వాలింది, వాడు నీళ్ళలో పడ్డాడు. వాడు ఈతగాడే. కానీ నీళ్ళు మింగి, దగ్గొచ్చి, చేతులు ఆడించలేకపోయాడు. వాణ్ణి పైన నిలిపింది జాకెట్టే.

మేం దగ్గరికెళ్ళి తెడ్డు అందించాం. వాణ్ణి పుట్టిలోకి లాగితే మాదీ బోల్తా పడేది. అందుకని "గమ్మున అంచు పట్టుకో" అని చెప్పి, అట్లాగే కట్ట దాకా లాక్కొచ్చాం. ఒడ్డుకొచ్చాక చూస్తే, ఈత రాని మావాడు ఇంకా డబ్బా కొడతానే ఉన్నాడు.

పందెం ఎవరు గెలిచారంటే ఎవరూ గెలవలా. కానీ మీరు ఎక్కాలనుకుంటే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ఈతొచ్చినా జాకెట్ వేసుకోండి. పుట్టిలో లేచి నిలబడకండి. నీళ్ళు తోడేవాడు ఖాళీగా కూర్చున్నట్టు కాదు, వాడూ జట్టులో మనిషే. ఉరుము వినపడితే వెంటనే ఒడ్డుకి రండి, కలుజు పారుతుంటే అటు వైపు అసలు పోవద్దు.

పెద్దాయన మళ్ళీ పుట్టిలు ఇస్తానన్నాడు, షరతు మాత్రం అదే. వచ్చే కార్తీకానికి మావాడికి ఈత నేర్పించాలి. ఉంటానండి, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.